చికిత్స అయిపోయింది.. పరీక్ష మిగిలే ఉంది

పాప్‌ స్మియర్‌లో తేడా కనిపించింది. కాల్పోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. క్యాన్సర్‌ కాదు, క్యాన్సర్‌కు ముందు దశ మార్పులని తేలింది. ఆ భాగం వరకు తీసేసి సాయంత్రానికే ఇంటికి పంపించేశారు. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. ఫైలు బీరువాలో చీరల కిందికి చేరింది.

ఆ ఫైలులో, మందుల చీటీ అడుగున ఒక చిన్న వాక్యం ఉంటుంది. ‘6 నెలల తర్వాత మళ్లీ రావాలి’ అని. చాలా ఇళ్లల్లో మరుగున పడిపోయేది ఆ వాక్యమే. ఆ పరీక్ష చేయించుకునే వరకు చికిత్స పూర్తిగా పనిచేసిందో లేదో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. అందుకే దాన్ని చికిత్సలో చివరి భాగంగా చూడాలి. కుదిరితే వెళ్దామనుకునే పనుల జాబితాలో వేయకూడదు.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది కొత్తగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ బారిన పడుతున్నారు. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 30-49 ఏళ్ల మహిళల్లో ఈ క్యాన్సర్‌ కోసం ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే మార్పులను ముందే కనిపెట్టి చికిత్స చేయించుకున్న మహిళ, ఎంతోమందికి దక్కని అవకాశాన్ని అందుకున్నట్టే. అంతదూరం వచ్చాక ఒక్క తేదీ మరిచిపోయి దాన్ని చేజార్చుకోవడం ఎంత అన్యాయం!

తీసేసింది ఏమిటి? మిగిలింది ఏమిటి?

గర్భసంచి కింది చివర, యోనిలోకి తెరుచుకునే భాగమే ముఖద్వారం. ఇక్కడి కణాల్లో మార్పులకు మూలం హ్యూమన్‌ పాపిలోమా వైరస్‌, అంటే హెచ్‌పీవీ. ఇందులో చాలా రకాలున్నాయి. 16, 18 అనే రెండు రకాలే నూటికి 70 వరకు ముఖద్వార క్యాన్సర్లకు కారణం. వైరస్‌ సోకిన చాలామందిలో ఏడాది, రెండేళ్లలో రోగనిరోధక శక్తే దాన్ని అణచివేస్తుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేసుకుని, ఏళ్లు గడిచేకొద్దీ కణాలను మార్చేస్తుంది.

రిపోర్టులో సీఐఎన్‌-1 అని ఉంటే తేలికపాటి మార్పులు. ఇవి చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి సాధారణంగా కనిపెట్టుకుని ఉంటే చాలు. సీఐఎన్‌-2, సీఐఎన్‌-3 అయితే చికిత్స అవసరమవుతుంది. సన్నని తీగను విద్యుత్తుతో వేడెక్కించి ఆ భాగాన్ని చెక్కి తీసే ‘లీప్‌’, శంకువు ఆకారంలో కోసి తీసే ‘కోనైజేషన్‌’, అతి శీతలంతో గడ్డకట్టించే ‘క్రయోథెరపీ’, వేడితో మాడ్చే ‘థర్మల్‌ అబ్లేషన్‌’.. ఇవీ ప్రధాన పద్ధతులు.

ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. లీప్‌లోనూ కోనైజేషన్‌లోనూ తీసిన ముక్క ల్యాబ్‌కు వెళ్తుంది. దాని అంచుల్లో మార్పు చెందిన కణాలున్నాయా, లేవా అన్నది రిపోర్టులో వస్తుంది. క్రయోథెరపీ, థర్మల్‌ అబ్లేషన్‌లలో కణాలు అక్కడికక్కడే నశిస్తాయి. ల్యాబ్‌కు పంపడానికి ముక్క ఏమీ ఉండదు. కాబట్టి ఆ పద్ధతుల్లో చికిత్స ఫలించిందని చెప్పేది తర్వాత చేసే పరీక్ష ఒక్కటే.

పైగా ఈ చికిత్సలన్నీ తీసేసేది చెడిన కణాలను. వైరస్‌కు విడిగా మందు లేదు. మార్పు చెందిన భాగం పోయాక చాలామందిలో వైరస్‌ కూడా కొన్ని నెలల్లో కనుమరుగవుతుంది. నూటికి దాదాపు 90 మందికి ఒక్క చికిత్సతోనే సరిపోతుంది. మిగతావారిలో మార్పులు మిగిలిపోవచ్చు, తిరిగి రావచ్చు. ఆ కొద్దిమందిలో మీరున్నారో లేదో లక్షణాలను బట్టి చెప్పలేం. ఎందుకంటే ఈ దశలో నొప్పి ఉండదు, రక్తస్రావం ఉండదు, నీరసం ఉండదు. ‘నాకేం బాధ లేదు కదా, మళ్లీ పరీక్షెందుకు’ అన్న ప్రశ్నకు జవాబు అదే. మొదటిసారి మార్పులు పట్టుబడ్డప్పుడు కూడా మీకు ఏ బాధా ఉండి ఉండదు.

న్యూజిలాండ్‌ చెప్పిన పాఠం

ఈ మార్పులను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందన్నది ఎందరో మహిళలు మూల్యం చెల్లించుకున్నాక ప్రపంచానికి తెలిసింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో నేషనల్‌ ఉమెన్స్‌ హాస్పిటల్‌ ఉండేది. 1960ల మధ్య నుంచి అక్కడ హెర్బర్ట్‌ గ్రీన్‌ అనే వైద్యుడు, ఈ మార్పులు క్యాన్సర్‌గా మారవన్న నమ్మకంతో కొందరికి పూర్తి చికిత్స ఇవ్వకుండా పరిశీలనలో ఉంచారు. తమపై అధ్యయనం జరుగుతోందన్న సంగతి ఆ మహిళలకు తెలియదు. విషయం బయటపడ్డాక 1987లో ప్రభుత్వం న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్‌తో విచారణ జరిపించింది.

అప్పటి రికార్డులను మళ్లీ పరిశీలించిన పరిశోధకులు 2008లో వివరాలు ప్రచురించారు. సీఐఎన్‌-3 ఉండి, సరైన చికిత్స అందని మహిళల్లో 30 ఏళ్ల వ్యవధిలో నూటికి 31 మందికి క్యాన్సర్‌ వచ్చింది. సరైన చికిత్స అందినవారిలో అది 1 శాతం కన్నా తక్కువ. చికిత్సకు అంత బలం ఉందని ధైర్యం తెచ్చుకోవాల్సిన మాట ఇది. అయితే చికిత్స సరిగ్గా జరిగిందా, మార్పులేమైనా మిగిలాయా అన్నది తేలేది తర్వాతి పరీక్షలతోనే.

మొదటి నాలుగు వారాలు

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు గోధుమ రంగులోనో, కాఫీ పొడిలా నల్లగానో స్రావం కనిపించవచ్చు. రక్తం ఆగడానికి పూసే మందు వల్ల కూడా అలా కనిపిస్తుంది. క్రయోథెరపీ తర్వాత నీళ్లలాంటి స్రావం కొన్ని వారాలు పోతుంది. గాయం మీది పెచ్చు ఊడే సమయంలో, అంటే పది రోజుల నుంచి రెండు వారాల మధ్య, ఎరుపు కాస్త ఎక్కువ కావచ్చు. తర్వాత వచ్చే మొదటి నెలసరి కొందరికి మామూలు కన్నా ఎక్కువగా అవుతుంది. వీటికి కంగారు పడనక్కర్లేదు.

సుమారు 4 వారాలు కలయికకు దూరంగా ఉండాలి. ట్యాంపన్లు, మెన్‌స్ట్రువల్‌ కప్‌ వాడకూడదు, ప్యాడ్లే వాడాలి. ఈత వద్దు. లోపల నీళ్లతో కడగడం వంటివి అసలు వద్దు. నీళ్ల బిందెలు, బియ్యం బస్తాలు, పెద్ద గ్యాస్‌ సిలిండర్‌ వంటివి ఎత్తకూడదు. ‘సాయంత్రానికే ఇంటికొచ్చింది కదా’ అని మర్నాటి నుంచే పనంతా ఆమె మీద వేయడం మన ఇళ్లల్లో మామూలే. పైకి కుట్లు కనిపించవు గానీ లోపల గాయం పచ్చిగానే ఉంటుంది. ఈ నాలుగు వారాలూ బరువు పనులు ఇంట్లో మిగతావాళ్లు పంచుకోవాలి.

జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, తగ్గని పొత్తికడుపు నొప్పి, గంటకో ప్యాడ్‌ తడిసిపోయేంత రక్తస్రావం.. వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరో నెల పరీక్షలో చూసేది ఏమిటి?

చికిత్స అయిన వెంటనే పరీక్ష చేస్తే ఫలితాన్ని నమ్మలేం. గాయం మానే సమయంలో కణాలు సహజంగానే తేడాగా కనిపిస్తాయి. వైరస్‌ కనుమరుగు కావడానికీ వ్యవధి కావాలి. అందుకే చాలా దేశాల్లో 6 నెలలకు పరీక్ష చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు 12 నెలలకు చేయమంటున్నాయి. మీ వయసు, మార్పుల తీవ్రత, తీసిన ముక్క అంచుల రిపోర్టు చూసి మీ డాక్టరు చెప్పిన తేదీనే మీరు పాటించాలి.

ఈ దశలో ఎక్కువ నమ్మదగినది హెచ్‌పీవీ పరీక్ష. పాప్‌ స్మియర్‌లో కణాల రూపం చూస్తారు. హెచ్‌పీవీ పరీక్షలో వైరస్‌ ఉందా, లేదా అన్నది చూస్తారు. ముఖద్వారానికి వెనిగర్‌ లాంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్ష మన ప్రభుత్వ కేంద్రాల్లో తొలి వడపోతకు వాడుతున్నారు. కానీ చికిత్స తర్వాత చేసే పరీక్షకు, అందుబాటులో ఉన్నచోట హెచ్‌పీవీ పరీక్షనే ఎంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ‘హెచ్‌పీవీ పరీక్ష చేస్తారా?’ అని అడగడానికి మొహమాటపడొద్దు.

వైరస్‌ లేదని వస్తే చాలా మంచి వార్త. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయన్న రిపోర్టు కన్నా ఇది ఎక్కువ భరోసా ఇస్తుంది. అంచుల్లో కణాలు మిగిలాయని రాసి ఉన్నా వెంటనే మళ్లీ కోత తప్పదని బెంబేలు పడక్కర్లేదు. చాలామందికి దగ్గర దగ్గరగా పరీక్షలు చేస్తూ చూస్తారు. ఒకవేళ వైరస్‌ ఉందని వస్తే మళ్లీ కాల్పోస్కోపీ చేసి నిదానంగా పరిశీలిస్తారు. ‘పాజిటివ్‌’ అన్న మాటకు క్యాన్సర్‌ అని అర్థం కాదు. అవసరమైతే చికిత్స ఇంకోసారి చేయవచ్చు.

రిపోర్టులో గ్రంథి కణాల్లో మార్పులని, అంటే ‘అడినోకార్సినోమా ఇన్‌ సైటు’ అని ఉంటే లెక్క వేరు. ఇవి ముఖద్వారం లోపలి భాగంలో అక్కడక్కడా ఉండే అవకాశం ఉంది. ఈ మహిళలకు మరింత గట్టి నిఘా కావాలి. హెచ్‌ఐవీ ఉన్నవారికీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికీ అంతే.

పాతికేళ్ల లెక్క

ఒక్క పరీక్ష బాగుందని రాగానే ఇక పూర్తిగా వదిలేయవచ్చా? వదిలేయకూడదు. స్వీడన్‌లో సీఐఎన్‌-3కి చికిత్స పొందిన మహిళలను దీర్ఘకాలం గమనించినప్పుడు, మిగతా మహిళలతో పోలిస్తే వారికి క్యాన్సర్‌ ముప్పు రెట్టింపు పైచిలుకు ఉందనీ, అది 25 ఏళ్ల వరకు కొనసాగుతుందనీ తేలింది. అయినా మొత్తంగా చూస్తే ఆ ముప్పు తక్కువే. క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటే ఇంకా తగ్గుతుంది.

అమెరికాలో నిపుణుల మార్గదర్శకాలు చెప్పేదేమంటే.. తీవ్ర మార్పులకు చికిత్స జరిగాక 6 నెలలకు ఒకటి, ఆపైన ఏటా ఒకటి చొప్పున వరసగా మూడు పరీక్షలు బాగుండాలి. తర్వాత మూడేళ్లకోసారి చొప్పున, కనీసం 25 ఏళ్లు కొనసాగించాలి. మామూలుగా 65 ఏళ్లు దాటాక పరీక్షలు ఆపేస్తారు. కానీ 48 ఏళ్లకు చికిత్స చేయించుకున్న మహిళకు ఈ లెక్కన 73 ఏళ్లు వచ్చే దాకా పరీక్షలు కావాలి. నెలసరి ఆగిపోయింది కదా, ఇంకా ఈ పరీక్షలేమిటి అనుకునే అమ్మలూ అత్తయ్యలూ గుర్తుంచుకోవాల్సింది ఇదే.

రెండు పరీక్షల మధ్య కాలంలో కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరికి నెలసరికి మధ్య రక్తస్రావం అయినా, ముట్లుడిగాక ఎరుపు కనిపించినా వెంటనే చూపించుకోవాలి. పోయిన ఏడాది రిపోర్టు బాగుందన్న ధీమాతో ఆగొద్దు.

‘గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది’

ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదేమో. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ముఖద్వారంలో మార్పులనగానే బంధువుల్లో ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. మళ్లీ మళ్లీ తిరిగే పని ఉండదన్న ఆశతో మనమూ తల ఊపుతాం.

సీఐఎన్‌ మార్పులకు ఎక్కువమంది విషయంలో ముఖద్వారంలోని ఆ కాస్త భాగం తీస్తే సరిపోతుంది. గర్భసంచి తొలగింపు పెద్ద ఆపరేషన్‌. దాంతోపాటు అండాశయాలనూ తీసేస్తే, చిన్న వయసులోనే ముట్లుడిగి ఎముకల బలం తగ్గుతుంది, గుండెకూ ఇబ్బందే. వేరే సమస్యలు కలిసినప్పుడో, మార్పులు పదేపదే తిరిగి వస్తున్నప్పుడో డాక్టర్లు గర్భసంచి తీయాలని చెప్పవచ్చు. అప్పుడు కూడా ‘ఎందుకు తీయాలి? అండాశయాలు ఉంచుతారా?’ అని అడిగి, అవసరమైతే మరో గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోవాలి.

పైగా గర్భసంచి తీసినా పరీక్షలు తప్పవు. ఈ మార్పుల చరిత్ర ఉన్నవారికి, గర్భసంచి తీసిన తర్వాత యోని పైభాగంలోనూ అలాంటి మార్పులే రావచ్చు. కాబట్టి అక్కడి నుంచి నమూనా తీసి పరీక్షిస్తూ ఉండాలి. ఈ సంగతి తెలియక ‘సంచే లేదు, ఇంక క్యాన్సరెక్కడిది’ అని నిశ్చింతగా ఉండిపోయేవారు చాలామంది.

ఇంట్లో అడగకూడని ప్రశ్న

హెచ్‌పీవీ కలయిక ద్వారా వ్యాపిస్తుందని తెలియగానే చాలా ఇళ్లల్లో మాటలు ఆగిపోతాయి. ‘ఎవరి నుంచి వచ్చింది?’ అన్న ప్రశ్న పైకి వినిపించకపోయినా గాలిలో ఉంటుంది. భార్య అనుమానిస్తుంది, లేదా భర్త అనుమానిస్తాడు. ఆ తర్వాత ఆమె పరీక్షకు వెళ్లడానికే జంకుతుంది.

ఈ వైరస్‌ ఎంత సాధారణమంటే, లైంగిక జీవితం ఉన్న ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. కాబట్టి ఈ రోజు పరీక్షలో కనిపించినంత మాత్రాన అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేరు. దీన్ని బట్టి ఎవరి నడవడికనూ తూచడానికి లేదు. ఆ ప్రశ్నను వదిలేసి, పరీక్ష రోజు ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లండి.

భర్తలు చేయగలిగింది మరొకటుంది. పొగాకు ఈ వైరస్‌కు తోడ్పడుతుంది. పొగ తాగే మహిళల్లో మార్పులు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఇంట్లో సిగరెట్‌ మానేయడం అందరికీ మేలు.

టీకా గురించి కూడా అడుగుతుంటారు. ఇప్పటికే ఉన్న వైరస్‌ను టీకా తొలగించదు. చికిత్స అయిన మహిళకు టీకా పనికొస్తుందా అన్నది వయసును బట్టి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. టీకా వేయించుకున్నా పరీక్షలు మానకూడదు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వయసున్న కూతురు ఇంట్లో ఉంటే మాత్రం ఆమెకు టీకా వేయించడానికి ఇదే సరైన కాలం.

పిల్లల కోసం చూస్తున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. లీప్‌, కోనైజేషన్‌ తర్వాత చాలామంది మామూలుగానే గర్భం దాలుస్తారు. అయితే ముఖద్వారం ఎంత ఎక్కువ లోతు తీస్తే, నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం అంత పెరుగుతుంది. ఎన్ని నెలలు ఆగాలో ముందే అడగండి. గర్భం వచ్చాక మొదటి చెకప్‌లోనే ఈ చికిత్స సంగతి చెప్పండి. అవసరమైతే స్కాన్‌లో ముఖద్వారం పొడవు కొలుస్తూ జాగ్రత్త పడతారు. అత్తింట్లో తెలుస్తుందని ఈ సంగతి దాచడం బిడ్డకే చేటు.

గుర్తు చేసేదెవరు?

ఇంగ్లండ్‌లో 1988 నుంచి పరీక్ష తేదీ దగ్గర పడితే మహిళ ఇంటికి పిలుపు వచ్చే కంప్యూటర్‌ వ్యవస్థ ఉంది. మనకు అలాంటిది లేదు. కారు సర్వీసింగ్‌ తేదీ దాటితే షోరూం నుంచి ఫోన్‌ వస్తుంది. ముఖద్వారంలో మార్పులకు చికిత్స పొందిన మహిళకు ఫోన్‌ చేసేవారు అరుదు. ఆసుపత్రులు ఇది మార్చుకోవాలి. పసిపిల్లలకు టీకాల కార్డు ఇచ్చినట్టే, ఏ చికిత్స చేశారు, అంచుల రిపోర్టు ఏమిటి, తర్వాతి పరీక్షలు ఏ నెలల్లో అన్నది తెలుగులో రాసి చేతికివ్వాలి. ఒక సందేశమో, ఫోనో చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ప్రభుత్వాలు పరీక్షా శిబిరాల్లో ఎంతమందిని చూశామన్నదే కాక, తేడా వచ్చినవారిలో ఎంతమంది చికిత్స దాకా, ఆ తర్వాతి పరీక్ష దాకా చేరారన్నది కూడా లెక్క చెప్పాలి.

అది జరిగేలోపు ఆ బాధ్యత ఇంటిదే. ఆరో నెలలో ఏదో ఒకటి అడ్డం వస్తుంది. పిల్లల ఇంటర్‌ పరీక్షలు, మరిది గారి గృహప్రవేశం, కూతురి పురుడు కోసం ఆరు నెలలు అమెరికా ప్రయాణం. ఇంట్లో ఎవరి పని ఆగకపోయినా ఆమె పరీక్ష మాత్రం వాయిదా పడుతుంది. దూర ప్రయాణం ఉంటే బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడి తేదీ సర్దుకోండి. ఊరు మారినా, డాక్టరు మారినా ఫైలు వెంట ఉండాలి.

ఇప్పుడు చేయాల్సిన పని చిన్నదే. చికిత్స అయినవారు మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారం ఆ ఫైలు బయటికి తీయండి. మొదటి బయాప్సీ రిపోర్టు, చికిత్స పేరు, తేదీ, తీసిన ముక్క రిపోర్టు.. ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రిలో అడిగి తెచ్చుకోండి. అన్నింటినీ ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో మరొకరికీ పంపండి. గ్యాస్‌ సిలిండర్‌ ఎప్పుడొచ్చిందో, పాలు ఎన్ని రోజులు పోయలేదో గోడమీది క్యాలెండర్‌లో రాసుకునే అలవాటు మనకుంది. ఆ పక్కనే ఈ తేదీ కూడా రాయండి. తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే మరేం ఫర్వాలేదు, ఆలస్యమైందని ఎవరూ కోప్పడరు. సోమవారం ఉదయం ఆసుపత్రికి ఫోన్‌ చేసి అపాయింట్‌మెంట్‌ తీసుకోండి.